రేపు నా గదికి రా

వదినగారికి, మీ మరిది నమస్కరించి రాయునది.

అన్నయ్య పోయాక మీ అటక మీది నుంచి నేను దింపుకెళ్లిన జవాబు కాగితాలు గుర్తున్నాయా? వాటి మీద ఆయన ఎర్రసిరాతో రాసిన మాటలన్నీ మా కాలేజీ కంప్యూటర్‌కు నేర్పించాం. ఇప్పుడు పిల్లల లెక్కలు అదే దిద్దుతోంది.

సోమవారం వేరే యూనివర్సిటీ నుంచి నలుగురు ప్రొఫెసర్లు వచ్చారు. చదువుల్లో కృత్రిమ మేధ గురించి మాతో కలిసి పరిశోధన చేస్తారట. వాళ్ల ముందు ఒక అమ్మాయి చేత లెక్క చేయించాం. తప్పు చేసింది. వెంటనే తెర మీద, "కంగారు పడకు. రేపు మధ్యాహ్నం నా గదికి రా, కలిసి చేద్దాం" అని వచ్చింది.

అందరూ పగలబడి నవ్వారు. "దీనికో గది కూడా ఇచ్చారా?" అన్నాడొకాయన. నేనూ నవ్వాను వదినా.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల నోటుబుక్కు పట్టుకుని మా కాలేజీ వరండాలో నిలబడి ఉంది. "రమ్మన్న సారు ఏ గదిలో ఉంటారండీ?" అని నన్నే అడిగింది. అది మిషను మాటని చెప్పాను. "మరి కలిసి చేద్దామన్నారు కదండీ?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మీటింగుకు టైమవుతోందని చెప్పి వచ్చేశాను.

అన్నయ్య రాసిన ఆ మాట తీసేయమన్నారు మా కాలేజీవాళ్లు. నా చేత్తోనే తీసేశాను. ఆ ప్రొఫెసర్లతో ఒప్పందం మీద సంతకాలూ అయ్యాయి.

ఇంకా కాగితాలేమైనా ఉంటే తెమ్మని ఆదివారం నన్ను మీ ఇంటికి పంపుతున్నారు. నేను ఎంత బతిమాలినా సరే, లేవని చెప్పండి.