మోకాళ్ళ కింది చెక్క

ఫిబ్రవరి 2

ఈ నోటుబుక్కు మరదలు ఇచ్చింది. కాంక్రీటు మీద అచ్చులు వేసే పని నేర్చుకునేవాళ్ళు రోజూ రాసుకోవాలట. ఎండ ఎంత, నీళ్ళు ఎన్ని, మాలు ఎంతసేపటికి బిగిసింది. సరే, రాస్తున్నాను. ఎండ బాగానే ఉంది.

ఇరవై రెండేళ్ళు సిమెంటు గచ్చులు నున్నగా తీసిన చెయ్యి నాది. ఇప్పుడు అందరికీ టైల్సే కావాలి. మూడు నెలలు ఇంట్లో కూర్చునేసరికి మా ఆవిడ విసిగిపోయి తన చెల్లెలికి ఫోన్ చేసింది. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. ఆ మరదలే ఇవాళ్టి నుంచి నాకు మేస్త్రి.

ఫిబ్రవరి 3

చూస్తే సులువే. స్లాబ్ పోసి, రంగు చల్లి, సాపు చేసి, అంటుకోకుండా రిలీజ్ పౌడర్ జల్లి, రబ్బరు మ్యాట్ పరిచి తొక్కాలి. మ్యాట్ లేపితే కింద రాళ్ళు పరిచినట్టే ఉంటుంది. ఇంతేనా అన్నాను. మరదలు నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 3, సాయంత్రం

తుమ్మితే ఎర్రగా వస్తోంది. పౌడర్.

ఫిబ్రవరి 9

పరువు పోయింది.

బేకరీ ఆయన ఇంటి ముందు దారి. మరదలు సగం దాకా అచ్చులు వేసి ఆయనతో మాట్లాడడానికి లోపలికి వెళ్ళింది. రెండు మ్యాట్లు కలిసిన చోట సన్నగా గట్టులా లేచి ఉంది. నాకు కళ్ళు మండాయి. గట్టు కనపడితే చెయ్యి ఊరుకుంటుందా? తాపీతో ఒక్కసారి నున్నగా లాగాను. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. ఆవిడ బయటికి వచ్చేసరికి ఎనిమిది అడుగుల రాళ్ళు మాయం, గచ్చు అద్దంలా మెరుస్తోంది. నిజం చెప్పాలంటే అప్పటికి కూడా నాకు ముచ్చటగానే ఉంది.

మరదలు చూసి, బావా, అన్నం వండి పెడితే మళ్ళీ పిండి చేసి చేతికిచ్చావు అంది. మాలు ఇంకా పచ్చిగా ఉండబట్టి సరిపోయింది, మళ్ళీ తొక్కాం. మిగతా పనివాళ్ళిద్దరూ నవ్వలేక కూలబడ్డారు. ఇవాళ్టి నుంచి నా పేరు ఇస్త్రీ బావ.

ఫిబ్రవరి 10

మరదలు నా తాపీ లాక్కుంది.

ఫిబ్రవరి 17

నీడగా, హాయిగా ఉందని చెట్టు కిందివైపు నుంచి మొదలుపెట్టాను. ఎండవైపుకి వచ్చేసరికి మాలు బిగిసి కూర్చుంది. మ్యాట్ మీద ఎంత గెంతినా గీత పడదే! ఎండ ఉన్న చోటే ముందు తొక్కాలట. రేపు ఎటునుంచి మొదలుపెడతావు అని మరదలు నాలుగుసార్లు చెప్పించుకుంది. నాలుగుసార్లూ చేతులు కట్టుకుని చెప్పాను.

ఇంకోటి కూడా నేర్చుకున్నాను. ప్రతిసారీ మ్యాట్ తిప్పి వేయాలి. ఒకే రాయి రెండుసార్లు ఎదురుపడితే మన దొంగతనం బయటపడుతుంది అంటుంది. ఇవాళ నా నాలుగు గజాల్లో ఏ రాయీ ఎదురుపడలేదు. ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరి 24

పళ్ళ డాక్టరమ్మ కొత్త క్లినిక్. ముంగిలి చిన్నదే, పన్నెండడుగులు బై ఎనిమిది. ఆవిడకి రాళ్ళూ ఇటుకలూ వద్దట, చెక్క పరిచినట్టు ఉండాలట. మా దగ్గర చెక్క మ్యాట్ లేదు. తెప్పించాలంటే నెలన్నర. క్లినిక్ తెరిచేది మార్చి పన్నెండున.

మరదలు కుదరదని చెప్పబోతుంటే నా నోరు ఊరుకోలేదు. మ్యాట్ నేను చేస్తాను అనేశాను.

బయటికి వచ్చాక మరదలు చెప్పింది. చేస్తే ఆ ముంగిలి నీదే బావా, మొదటి నుంచి చివరిదాకా నువ్వే మేస్త్రివి. బాగా వస్తే ఇకమీద చిన్న పనులన్నీ నీకే. చెడిపోతే మాత్రం నీ గచ్చులకి నువ్వు వెళ్ళిపో, నా పేరు పాడుచేసుకోలేను అంది. నవ్వుతూ అనలేదు. న్యాయంగానే ఉంది.

ఫిబ్రవరి 25

టింబర్ డిపోలన్నీ తిరిగాను. అన్నీ చిత్రిక పట్టిన చెక్కలు, నా గచ్చుల్లాగే నున్నగా ఉన్నాయి. నున్నగా ఉండడం మీద మొదటిసారి కోపం వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మూలన కనపడింది. గచ్చు తీసేటప్పుడు మోకాళ్ళ కింద వేసుకునే చెక్క. ఇరవై రెండేళ్ళు రోజూ కడిగి, బ్రష్షుతో తోమి పెట్టుకున్నది. మెత్తని భాగమంతా అరిగిపోయి గీతలు చేతి నరాల్లా పైకి తేలి ఉన్నాయి.

బొమ్మల అచ్చులు పోసే దుకాణంలో రబ్బరు ద్రావణం కొన్నాను.

ఫిబ్రవరి 28

ఆ చెక్క మీదే రబ్బరు పోసి మూడు మ్యాట్లు తీశాను. ఇల్లంతా ఒకటే కంపు. మా ఆవిడ కంచం పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళింది.

మార్చి 4, ఉదయం 6

ఇవాళే క్లినిక్ ముంగిలి. రాత్రి నిద్ర లేదు. ఎండవైపు నుంచి. ఎండవైపు నుంచి.

మార్చి 4, మధ్యాహ్నం

అయిపోయింది. వేలు పెట్టి చూశాను, తొక్కాను, తిప్పాను, లేపాను. పౌడర్ కింద ఏముందో తెలియదు. రేపు కడగాలి.

మార్చి 5

కడిగాం. చెక్క! అచ్చం చెక్క. పనివాళ్ళు వంగి గోటితో గీకి చూశారు.

తర్వాత కనపడ్డాయి. ప్రతి చెక్క అచ్చులోనూ పక్కపక్కనే రెండు లోతులేని గుంటలు. తిప్పి వేశాను కాబట్టి ఒక్కోటీ ఒక్కో చోట ఉన్నాయి. ఎగుడుదిగుడు చూసే రసమట్టం తెచ్చి పెట్టాను. ఉన్నాయి. ఇన్నేళ్ళలో నా గచ్చు మీద ఒక చుక్క నీరు నిలిచింది లేదు.

ఏంటివి బావా అంది మరదలు. ఏ చెక్క మీద మ్యాట్ పోశానో చెప్పాను. ఆవిడ వంగి ఒక గుంటలో అరచెయ్యి పెట్టింది. వాళ్ళక్కకి ఫోన్ చేసింది.

మా ఆవిడ వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. అటూ ఇటూ నడిచి ఒక జత దగ్గర ఆగి, ఇవి నీ మోకాళ్ళు కదా అంది. కుడిది ఎక్కువ లోతు అంది. ఆ కుడి మోకాలికి రోజూ నూనె రాసేది తనే. నాకు ఏడుపొచ్చింది. కళ్ళల్లో పౌడర్ అని చెప్పాను.

మార్చి 5, సాయంత్రం

డాక్టరమ్మ చెప్పులు విప్పి నడిచింది. ఎవరో ఎన్నో ఏళ్ళు వాడిన చెక్కలా ఉంది, ఎక్కడ దొరికింది అంది. ఇంట్లోనే అన్నాను. ఆ గుంటలు ముట్టుకోకండి, ఇలాగే ఉంచండి అంది.

గేటు దగ్గర మరదలు సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టింది. నా తాపీ.

మార్చి 16

వాన. క్లినిక్‌కి వెళ్ళి చూశాను. గుంటల్లో చెంచాడు చొప్పున నీళ్ళు నిలిచాయి.

చెయ్యి ఊరుకుంది. తాపీ సంచిలోనే ఉంది.