మూడో బెంచీలో మాబున్నీ

మంగళవారం రాత్రి

బి.ఎడ్. క్లాసులో ఈరోజు నా పాఠం. తోటి విద్యార్థులే ఆరో తరగతి పిల్లల మాదిరి కూర్చున్నారు. మూడో బెంచీలో మాబున్నీ మాత్రం నిజంగానే నిద్రపోయింది. రాత్రంతా కుళాయి కాడ నీళ్లకు కాచుకోనుండి వచ్చిందని నాకు తెలుసు. లేపబుద్ధి కాలే. గొంతు తగ్గించి పాఠం చెప్పినా.

"నిద్రపోయే పిల్లను లేపలేవు, టీచరెట్లయితావమ్మా?" అని సార్ మార్కులు కోసేసినాడు.

బస్సులో మాబున్నీ నా చెయ్యి పట్టుకుని, "లేపింటే సరిపోతాండె కదక్కా" అనింది.

రేపు ఆమె పాఠం, నేను పిల్ల. మా వీధికి ఈ రాత్రే నీళ్లు వదుల్తారంట. బిందెలు వరసబెట్టి, కుళాయి కాడ కూర్చోని ఇది రాస్తాండా.

రేపు నన్ను లేపుతాదో లేదో.