నవ్వులు తీసేసిన పాట

మధురానగర్,
ఏప్రిల్ 2006

నా బంగారు అమ్మకు,

ఫోన్లోనే చెప్పొచ్చుగా అంటావని తెలుసు. హాస్టల్ ఫోన్ దగ్గర నిలబడితే వెనక క్యూలో ఉన్న వాళ్ళందరూ మన మాటలు వింటారు. అదీగాక ఈమధ్య నాకు రాయడం మీద మోజు పుట్టింది. ఒక మాట రాసి, దానికంటే మంచిది దొరికితే కొట్టేసి, మళ్ళీ రాస్తుంటే పొద్దు తెలియడం లేదు.

అసలు కబురు ఇది. ఉగాదికి వచ్చినప్పుడు మన వసారాలో నీ పెళ్ళిపాటలు రికార్డు చేసుకొచ్చాను కదా, వాటిని పెద్దమ్మ వాళ్ళ మంజక్క పెళ్ళికి సీడీ చేస్తున్నాను. అమీర్‌పేటలో జావా క్లాసు అయిపోగానే మధులత వాళ్ళింటికి వెళ్తున్నాను. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి, ఇల్లు ఎస్.ఆర్. నగర్. వాళ్ళ కంప్యూటర్లో పాటలు మిక్సింగ్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంది. నీ గొంతు తెర మీద ఒక వరసలో, తంబురా శ్రుతి ఇంకో వరసలో కనిపిస్తాయి. ఏది ఎంత వినపడాలో మనమే సరిచూడాలి. పులుసు రుచి చూసుకుంటూ ఉప్పు వేసినట్టే, కాకపోతే ఇక్కడ నాలిక బదులు చెవి. మొదటి వారమంతా నా పులుసు ఉప్పుకషాయమే!

ముందు ఫ్యాను రొద తీసేశాను. తర్వాత వీధిలో స్కూటర్, కాకి. వియ్యపురాలి పాటలో వసుమతి పిన్నీ వాళ్ళూ ప్రతి చరణానికీ ఒకటే పకపకలు, నువ్వూ మధ్యలో నవ్వేశావు. అవన్నీ ఒక్కొక్కటే కత్తిరించి, ఖాళీల్లో గుళ్ళో పాడినట్టు ప్రతిధ్వని పెట్టాను. మధులత విని మూతి విరిచింది.

"ఏందే గిది? మీ అమ్మ బాయిల కూసొని పాడినట్టున్నది. గా నవ్వులు సుత ఎందుకు తీసేసినవ్? మస్తుండె గదా!"

"పెళ్ళిలో పెద్దపెద్దవాళ్ళు వస్తారే. శుభ్రంగా ఉండాలి" అన్నాను.

"నీ ఇష్టం తల్లీ, పెండ్లి మీది" అని తను టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

సీడీ కొరియర్లో పంపుతున్నాను. వసుమతి పిన్ని ఇంట్లో పెట్టుకుని విను. ఈసారి పెళ్ళిలో నువ్వు గొంతు చించుకోనక్కర్లేదు. పట్టుచీర కట్టుకుని దర్జాగా కూర్చో. నీ పాట హాలంతా మోగుతుంది.

నీ ముద్దుల
హైందవి

*

మధురానగర్,
మే నెలాఖరు

అమ్మా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక కాగితాలు చింపుతున్నాను. మాటలంటే ఇష్టమని మొన్న గొప్పలు పోయాను. అవసరమైనప్పుడు ఒక్కటీ నా దగ్గరికి రావడం లేదు.

నిన్న వసుమతి పిన్ని ఫోన్ చేసింది. శ్రావణం రాగానే చేసే భూలక్ష్మిగారి అమ్మాయి సీమంతానికి ఇప్పుడే పిలిస్తే నువ్వు పాడనన్నావట. "ఇక ఏ శుభకార్యంలోనూ నోరు విప్పను" అన్నావట. పిన్ని నాకేదో తెలుసేమోనని అడిగింది. నాకేం తెలియదన్నాను. అది ఇంకో అబద్ధం.

పంజాగుట్ట పెళ్ళి హాల్లో ఆ మధ్యాహ్నం ఎన్ని పనుల్లో ఉన్నా కళ్ళముందుకొచ్చేస్తోంది. మగపెళ్ళివారి బంతి కూర్చుంది. మంజక్క అత్తగారు దుర్గాంబగారి విస్తట్లో అప్పుడే బూరె వడ్డించారు. నేను మైకు పెట్టెల దగ్గర నిలబడి, నా పనితనం అందరూ వినబోతున్నారని మురిసిపోతూ పాట పెట్టాను.

వియ్యపురాలమ్మ వచ్చింది చూడరే,
వంటింటి తలుపుకి గడియెయ్యరే!
గారెలు గంపెడు, బూరెలు బుట్టెడు,
ఇంకా ఆకలని అడిగేను చూడరే!

వసారాలో ఆ పాట ఎంత సరదాగా ఉంది! హాల్లో అది తీర్పు చదివినట్టు వినపడింది. "చూడరే... చూడరే... చూడరే..." అని నేను పెట్టిన ప్రతిధ్వని గోడగోడకీ కొట్టుకుంది. ఒక్కరు నవ్వలేదు. ఎక్కడ నవ్వాలో తెలిపే నవ్వులన్నీ నేను తీసి పారేశాను కదా. అందరూ ఆవిడ విస్తరి వైపే చూశారు. దుర్గాంబగారు చేతిలో బూరె విస్తట్లో పెట్టేసి, బంతి మధ్యలో లేచి నిలబడ్డారు. పెద్దమ్మ ముఖం పాలిపోయింది.

నువ్వు పరుగెత్తుకెళ్ళావు. "తప్పు నాది వదినగారూ, పాట నాది, క్షమించండి" అని రెండు చేతులూ జోడించావు. పెళ్ళికొడుకు నాన్నగారు హనుమత్ప్రసాద్‌గారు నా వైపు తిరిగి, "ఎవరమ్మా ఈ రికార్డు చేసింది?" అని అడిగారు.

"షాపులో చేయించామండీ" అన్నాను.

నువ్వు విన్నావు. ఒక్కసారి నా వైపు చూసి, తల దించుకున్నావు. కాదని అనలేదు. ఆ తల దించుకోవడమే నన్ను నిద్ర పోనివ్వడం లేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. శుభ్రం అన్నది సాకు. మంజక్క ఆఫీసు స్నేహితులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారని, వాళ్ళ ముందు మా అమ్మ నడుమున కొంగు దోపుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ పాడుతుంటే నాకు చిన్నతనమని అనుకున్నాను. నీ గొంతు కావాలి, నువ్వు అక్కర్లేదు. అందుకే నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నీ నవ్వుని కత్తిరించాను.

నువ్వు తిట్టినా బాగుండేది. దుర్గాంబగారి దగ్గరికి వెళ్ళి నిజం చెబుతాను. చెప్పాకే మళ్ళీ నీకు రాస్తాను.

నీ
హైందవి

*

మధురానగర్,
ఆషాఢం

అమ్మా,

వెళ్ళొచ్చాను. ఆషాఢమని మంజక్క పుట్టింట్లోనే ఉంది కాబట్టి, యూసుఫ్‌గూడలో దుర్గాంబగారు ఒక్కరే ఉంటారని ధైర్యం చేశాను. దారి పొడవునా మంచి మంచి వాక్యాలు కట్టుకున్నాను. "అజ్ఞానంతో చేసిన అపరాధం" అని ఒకటి ఎంతో నచ్చింది. ఆవిడ తలుపు తీసేసరికి అన్నీ ఎగిరిపోయాయి.

"ఏంటమ్మాయ్, ఎండలో పడి వచ్చావు? లోపలికి రా" అని గోంగూర ముందేసుకుని కూర్చున్నారు. నేనూ ఒక కట్ట తీసుకుని ఆకులు గిల్లుతూ, తలెత్తకుండా చెప్పేశాను. "షాపులో కాదు అత్తయ్యగారూ, ఆ సీడీ నేనే చేశాను. నవ్వులు నేనే తీసేశాను. మా అమ్మ మిమ్మల్ని తిండిపోతని అవమానించలేదు."

ఆవిడ చేతిలో గోంగూర ఆగిపోయింది.

"తిండిపోతన్నందుకు లేచాననుకున్నారా మీరంతా? నా పెళ్ళిలో మా అత్తగారిని కాళ్ళొచ్చిన కాగు అన్నారే! ఆవిడ తిరిగి పాడిన పాటకి మా అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది నవ్వాపుకోలేక. తిట్టించుకోకపోతే వియ్యపురాలెలా అవుతానే?"

"మరి ఎందుకు లేచారు?"

"పాడినావిడ ఎక్కడుందా అని! తలెత్తి చూస్తే మనిషి లేదు. నలుగురూ నా మొహం చూస్తున్నారు, పాట డబ్బాలోంచి వస్తోంది. నేనూ జవాబు కట్టుకొచ్చాను. పెళ్ళి కుదిరిన రోజు నుంచీ స్నానం చేస్తూ ఒక చరణం, కూర తరుగుతూ ఒక చరణం. ఆ డబ్బాకేసి పాడమంటావా? ఎదురుగా వెళ్ళి నిలబడి అందుకుందామని లేచాను. ఇంతలో మీ అమ్మ వచ్చి దండం పెట్టేసింది. దండం పెట్టినావిడ మీద పాటెలా పాడతానే? నోరు మూసుకుని కూర్చున్నాను. బూరె కూడా తినబుద్ధి కాలేదు."

అమ్మా, నాకు నవ్వు రాలేదు. ఇన్ని రోజులూ తప్పు నవ్వులు తీసెయ్యడంలోనే ఉందనుకున్నాను. కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నా ఇది నాకు తట్టేది కాదు. నువ్వు ఉండాల్సిన చోట నువ్వు లేవు. ఆవిడ అవమానపడలేదు, ఒంటరైపోయారు.

నువ్వు పాడటం మానేశావని చెప్పాను. ఆవిడ కోపంగా ఆకుల పళ్ళెం పక్కకు తోసేశారు.

"మానేస్తే ఓడిపోయినట్టే. అలాగే రాయి. శ్రావణంలో మొదటి మంగళవారం కోడలి నోము మీ పెద్దమ్మ ఇంట్లోనే కదా, నేను పేరంటానికొస్తాను. మీ పెద్దమ్మ మీద కట్టిన పాటలో పేరు మార్చి మీ అమ్మ పేరు పెడతాను. ఆవిడ ముక్కు మీద రెండు చరణాలు కొత్తగా కూడా కడుతున్నానని చెప్పు."

ఆ పేరంటంలో అందరి ముందూ నేను సీడీ సంగతి చెబుతాను. పెద్దమ్మకు చెప్పేశాను కూడా. తిట్టింది, తర్వాత అన్నం పెట్టింది. నువ్వు వస్తావా? రమ్మని అడిగే ముఖం నాకు లేదు. ఆవిడ తరఫున అడుగుతున్నాను.

నీ
హైందవి

*

తణుకు

చిరంజీవి హైందవికి అమ్మ ఆశీస్సులు.

పెళ్ళయ్యాక నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు రాయకపోవడం కోపంతో కాదు. నువ్వు అంత సిగ్గుపడుతుంటే, నాది దాచుకోవడం నాకు చేతకాలేదు, చెప్పడమూ చేతకాలేదు.

నువ్వు పంపిన సీడీ పెళ్ళికి ముందే విన్నాను. వసుమతి వెంటనే అంది, "నవ్వులేవి అక్కా? ఇలా పాడితే తన్నులు తింటాం" అని. నాకూ తెలిసింది. పాతికేళ్ళ నుంచి పాడుతున్నదాన్ని, తెలియదా? కానీ ఆ గొంతు నాదేనా అనిపించింది. రేడియోలో పాడే ఆవిడలా ఉన్నాను. వంటింటి వాసన లేదు, ఆయాసం లేదు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నాను. బాగాలేదని నీకు ఒక్క ముక్క రాస్తే అది మారిపోతుందని రాయలేదు. కాబట్టి ఆ హాల్లో తప్పు నాదని అన్నది నిన్ను కాయడానికి కాదు. నిజమే చెప్పాను. నువ్వు షాపు అన్నప్పుడు తల దించుకున్నదీ నా సిగ్గుకే.

నాకు పాట ఎందుకు మానెయ్యాలనిపించిందంటే, ఆ డబ్బాలో ఆవిడంత బాగా నేను పాడలేనని. ఇలా రాస్తుంటే నవ్వొస్తోంది.

నా ముక్కు మీద రెండు చరణాలా? ఆవిడ నడక చూశావా నువ్వు? నేను అప్పుడే నాలుగు కట్టాను. భూలక్ష్మిగారింట్లో సీమంతానికి పాడతానని కబురు పంపాను, అక్కడ గొంతు సాపు చేసుకుని వస్తాను. మంగళవారానికి ముందే దిగుతాను.

నేను ఎత్తుకున్నాక వంత పాడేవాళ్ళు కావాలి. వసుమతి రాలేనంటోంది, దానికి మోకాళ్ళ నొప్పులు. నా పక్కన కూర్చుని నువ్వే అందుకోవాలి. శ్రుతి తప్పుతావు, తెలుసు. మంజు స్నేహితులు కూడా వస్తారట. తప్పినా సరే, గట్టిగా పాడు.

మీ అమ్మ
నాగేశ్వరి