సీసా పడుకున్న చోటు

రాజపాళయం,
ఏప్రిల్ 9

ప్రియమైన బొమ్మి నాన్నకు,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఈ ఇంట్లో ఏ గదిలో మాట్లాడినా మామయ్యకు వినబడుతుంది. మీరు కోయంబత్తూరు బస్సెక్కిన సాయంత్రమే బొమ్మి ఒక వైన్ సీసా నా చేతిలో పెట్టింది. తను ఇష్టపడ్డ వినోత్ ఇచ్చాడట. వాళ్ళ తోట ద్రాక్షతో, కంబంలో తను పనిచేసే చోట, అతను చేసిన మొదటి వైన్. ఆరు నెలలు కదపకుండా ఉంచితే రుచి కుదురుతుందట. నిశ్చితార్థం రోజున రెండిళ్ళవాళ్ళూ కలిసి తెరవాలని అతని కోరిక.

"వాళ్ళింట్లోనే పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"నన్ను నమ్మి ఇచ్చినాడుమా. చెడిపోతే ఏ మొహం పెట్టుకొని పోయేది?"

మామయ్యకు వినోత్ సంగతే తెలియదు. తమ్ముడు కోదండరామ తాగి తాగి పోయినప్పటి నుంచి ఆ వాసనను ఆయన ఈ గడప దాటనివ్వలేదు. వైన్ చేసేవాడికి మనవరాలిని ఇస్తారా?

సరే, ముందు సీసా సంగతి. తెలిసినవాళ్ళను అడిగాను. దాన్ని నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. బెండు మూతకు లోపలి తడి తగులుతూ ఉంటేనే బిగువుగా ఉంటుంది. ఎండితే గాలి దూరి వైన్ పులుస్తుంది. వెలుతురు పడదు, వేడి పడదు, అదురు పడదు. ఫ్రిజ్‌లో పెడదామంటే మజ్జిగ కోసం మామయ్య రోజూ తెరుస్తారు. అటక మీద చెయ్యి పెడితే కాలింది. మెట్ల కింద నీళ్ళ మోటారు అదురు.

చివరికి దారి చూపింది మన కుక్క అళగు. ఎండ ముదిరితే అది ఇల్లంతా తిరిగి సామాన్ల గదిలో పాత రుబ్బురోలు వెనక పడుకుంటుంది. అక్కడ నేల తాకి చూశాను. నిజంగానే చల్లగా ఉంది. సీసాను గోనెసంచిలో చుట్టి అక్కడే పడుకోబెట్టాను. అళగు వాసన చూసి దానికి వీపు ఆనించింది.

ఇంకో మాట. మామయ్య ఒప్పుకోకపోతే నిశ్చితార్థం కంబంలో, ఆయన లేకుండానే చేయాలని నిర్ణయించుకున్నాను. మిమ్మల్ని అడగలేదని కోపం వస్తుందని తెలుసు. అందుకే ముందుగా రాస్తున్నాను.

మీ
సుగంధి

రాజపాళయం,
మే 27

ప్రియమైన బొమ్మి నాన్నకు,

వేడి, వెలుతురు, అదురు అన్నీ చూసుకున్నాను కానీ మామిడికాయల కాలాన్ని మరిచాను. మొన్న సేత్తూరు తోట నుంచి కాయలు దిగాయి. నేను పేపరుకు మునిసిపాలిటీ సమావేశం వార్త రాసిచ్చి ఇంటికొచ్చేసరికి సామాన్ల గది నిండా గడ్డి, గడ్డిలో కాయలు. రోలు వెనక సీసా లేదు. అళగు కూడా లేదు.

మామయ్య తన గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు.

"ఏమ్మా, కుక్క పండుకునే తావులో సీసా పండుకొని ఉండింది. ఎవరిది?"

ఇరవై ఏళ్ళుగా ప్రశ్నలడిగి బతుకుతున్నదాన్ని, ఆయన ప్రశ్నకు అబద్ధం చెప్పలేకపోయాను. వినోత్ సంగతి, ఆరు నెలల సంగతి, కంబం నిర్ణయం, అన్నీ చెప్పాను.

"నేను లేకుండా తాంబూలం మార్చుకునేటోళ్ళు సీసాను నా ఇంట్లో ఏల దాచినారు?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే మళ్ళీ అడిగారు. "సరి, పండబెట్టింది ఎందుకు?"

బెండు సంగతి చెప్పాను.

"ఇప్పుడు తెరిస్తే?"

"తాగొచ్చు మామా. రుచి కుదరదు, అంతే."

"తాగొచ్చు. అయినా ఆ తంబి తెరవలే?"

"తెరవలేదు."

ఆయన భుజం మీది తుండుగుడ్డ తీసి మళ్ళీ వేసుకున్నారు.

"మా కోదండం సీసా కొంటే బస్టాండు దాటేలోపల ఖాళీ చేసేటోడు. తను చేసిన సీసాను తెరవకుండా ఆరు నెలలు ఆగుదామనేటోడు తాగుబోతు కాడు. రమ్మని చెప్పు, చూస్తాను. నేను మాత్రం తాగను."

"సరే మామా. ఇంతకీ సీసా ఏదీ?"

"మామిడి మాగేసే గడ్డి ఎంత వేడెక్కుతుందో పేపర్లో రాసేదానికి తెలీదా? కుక్కకు తెలిసింది, లేచి వచ్చేసింది. ఎవరో నమ్మి ఇచ్చిన సరుకు, చెడిపోనిస్తామా?"

మంచం కిందికి వేలు చూపించారు. వంగి చూశాను. రాతి నేల మీద సీసా గోనెసంచితో సహా పడుకునే ఉంది. పక్కన అళగు నిద్రపోతోంది.

వినోత్‌కు అక్కడి నుంచే ఫోన్ చేశాను, మామయ్యకు వినబడేలా. ఆదివారం వస్తాడు. మీరు శనివారమే బస్సెక్కండి.

మీ
సుగంధి