వంగని మోకాలు

కామారెడ్డి

మన బిడ్డ మనోజ్ఞ బాపుకు ఉమాదేవి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమమే అనుకోండి. అక్కడ మీరు, పశువులు బాగున్నారని తలుస్తాను. ఫోన్లో చెబితే మీకు సగమే వినబడుతుంది, అందుకే రాస్తున్నాను.

వరి పొట్టకొచ్చిందని రాశారు, సంతోషం. బర్రె పాలు ఎగ్గొడుతోందంటే దూడను దగ్గర కట్టి చూడండి. తిండి సంగతి అడిగారు. మోకాలి వైద్యానికని అద్దెకు తీసుకున్న ఈ గది ఓనరు గంగాబాయి పొద్దున జొన్నరొట్టెలు ఇస్తుంది. రాత్రికి నేనే వండుకుంటాను. ఒక్కదానికి ఎంత తక్కువ పోసినా అన్నం మిగులుతుంది. మాట్లాడే మనిషి లేక కుక్కర్ కూతలు వింటూ కూర్చుంటాను.

మోకాలు ఎంత వంగుతోందని ప్రతి ఉత్తరంలో అడిగారు. తొంభై డిగ్రీలని రాశాను. అది అబద్ధం. కీలు మార్చి పది వారాలైనా అరవై దాటలేదు. వ్యాయామం చేయించే యాకూబు "రోజు నాలుగుసార్లు వంచుతున్నవా అమ్మా?" అంటే వంచుతున్నాననేదాన్ని. నిజానికి నొప్పికి తాళలేక మోకాలి కింద దిండు పెట్టుకొని పడుకునేదాన్ని. అతను కొలిచి చూసి డాక్టరు దగ్గరికి పంపాడు. పైన కోత మానినా లోపల మచ్చలా గట్టి కండ పెరిగి కీలును పట్టేసిందట. "మత్తిచ్చి వంచాలె. ఇంకా ఆలస్యమైతే మళ్ల కొయ్యాల్సొస్తది" అన్నాడు డాక్టరు.

సోమవారం వంచారు. "వెంట ఎవరొచ్చిండ్రు?" అని నర్సు అడిగింది. "మా ఆయన కింద మందులు తెస్తున్నడు" అన్నాను. ఊళ్లో ఉన్న మీరు ఎంతకీ రాకపోయేసరికి, నేను ఫోన్ చేస్తే గంగాబాయి వచ్చి కాగితం మీద సంతకం పెట్టింది. వరుస దగ్గర చెల్లెలని రాసి ఇంటికి పోయింది.

తెలివొచ్చాక చూస్తే కాలు వంద డిగ్రీలు వంగింది. ఆ మాట చెప్పుకుందామంటే పక్కన ఎవరూ లేరు. "రోజూ వంచకపోతే మళ్ల పట్టేస్తది. దగ్గర ఇంటిమనిషి ఉండాలె" అన్నాడు యాకూబు. నిన్న ఒక్కదాన్నే మొదలుపెట్టాను. వంచి పట్టి పది లెక్కపెట్టాలి, ఆరుకే వదిలేశాను.

వరి కోతలయ్యాక రండని పోయినసారి రాశాను. నేను గట్టిదాన్నని మీరు అనుకోవాలని రాసిన మాట అది. పొలాన్ని పక్క మడి నర్సింహులుకు అప్పజెప్పి, ఈ ఉత్తరం అందగానే ఎల్లారెడ్డిలో బస్సెక్కండి. నేను వద్దని ఏడ్చినా సరే, పది లెక్కపెట్టేదాకా నా పాదం పట్టుకొని వదలకండి.

ఇట్లు,
మీ ఇంటామె
ఉమాదేవి