ఖాళీగా ఉన్న ఇంటిపేరు

1988 జూన్, మంగళవారం రాత్రి

ఊళ్ళ రిజిస్టర్ల నుంచి ఎక్కించిన వివరాలన్నీ కంప్యూటర్‌లో వచ్చి చేరాల్సిన పట్టికను, అదే టేబుల్‌ను, నిన్న నేనే సిద్ధం చేశాను. ఇంటిపేరు ఖాళీగా ఉన్న వరుసను తీసుకోవద్దని కంప్యూటర్‌కు చెప్పిందీ నేనే. "పని శుభ్రంగా ఉందమ్మాయ్," అన్నారు సూపర్‌వైజర్ గారు. ఇళ్ళస్థలాలు ఇవ్వాల్సిన పేదల జాబితాను అందులోంచి తీసి ఈ మధ్యాహ్నమే కలెక్టరాఫీసుకు పంపేశారు.

సాయంత్రం, కంప్యూటర్ తీసుకోని వరుసల కాగితం చూశాను. మా పేట మొత్తం అందులోనే ఉంది. పాత రిజిస్టర్లో మా వాళ్ళకు ఎవరూ ఇంటిపేరు రాయలేదు. నాకు మాత్రం బడిలో మేష్టారు అడిగి రాశారు. మూడో వరుసలో నాన్న. యేసుదాసు, మిరపతోట కూలీ.

"టేబుల్ మార్చి మళ్ళీ ఎక్కిస్తానండీ," అన్నాను.

"జాబితా వెళ్ళిపోయిందిగా. వాళ్ళు మళ్ళీ అర్జీ పెట్టుకుంటార్లే," అన్నారాయన.

ఆ వాళ్ళలో మేమూ ఉన్నామని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియడం లేదు. ఏడుపు కూడా రాలేదు.

అన్నం దగ్గర నాన్న అడిగాడు. "మన పేరొచ్చిందా అమ్మా?"

"ఇంకా చూళ్ళేదు నాన్నా."

"నీ చేతిమీద జరిగే పనేగా, యాడికి పోద్దిలే," అన్నాడు.

నేను మజ్జిగ పోసుకుని తినేశాను.