కాళ్లు వెచ్చబడ్డాక

దాలమ్మత్తా,

ఈ ఉత్తరం సంగతి అమ్మకి చెప్పొద్దు. రాయపూర్ ఆస్పత్రిలో నరాల పరీక్ష నేర్చుకుంటున్నానుగా. కాలికి చిన్న కరెంటు తగిలించి, నరంలో అది ఎంత వేగంగా పోతుందో మిషన్‌లో చూస్తాం. ముందు ఒకరి మీద ఒకరం చేసుకుంటాం. నా వంతు రాగానే మాకు నేర్పే మహేశ్వరి మేడమ్ మిషన్ అటు తిప్పేసి, "కాళ్లు ఠండాగా ఉన్నాయి, రేపు చూద్దాం" అంటుంది. చల్లటి కాళ్లలో వేగం తగ్గుతుంది, నిజమే. కానీ రోజూనా? ఏదో దాస్తోందనిపించి, నిన్న వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని నేనే చేసుకున్నాను. వేగం పెరగలేదు, ఉండాల్సినదానికంటే బాగా తక్కువే.

నాన్న కాళ్లు ఈడ్చి నడిచింది రైల్వే యార్డులో తగిలిన దెబ్బవల్లేనని మీరంతా చెబుతూ వచ్చారు. నాన్న తోడబుట్టినదానివి, నువ్వూ అలాగే నడుస్తావు కదా. నువ్వెప్పుడు పనిచేశావత్తా, యార్డులో?

నీ మేనకోడలు